ట్యాగులో రాసినదొకటి, పేజీలో ఉన్నదొకటి

మనలో చాలామందికి జావా, డేటాబేసులు కొట్టిన పిండి. వెబ్ పేజీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఏముంది అందులో, నాలుగు ట్యాగులేగా" అనే చిన్నచూపు కాస్త ఉంటుంది. ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళని కూడా గంటల తరబడి కూర్చోబెట్టే చిక్కు ఒకటి ఆ నాలుగు ట్యాగుల్లోనే ఉంది. అదే ఆట్రిబ్యూట్‌కీ ప్రాపర్టీకీ ఉన్న తేడా. (ప్రాపర్టీ అనగానే హైదరాబాదులో కొనాలనుకుంటున్న ఫ్లాటు గుర్తొస్తే, కాసేపు దాన్ని పక్కన పెట్టండి!) ఈ తేడా పట్టించుకోకపోతే ప్రోగ్రాము ఎర్రర్ చూపించి ఆగిపోదు. ఏమీ జరగనట్టే నడుస్తూ తప్పు లెక్క పంపిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక తెలుగు సంఘం ఉగాది వేడుకలకి ఆన్‌లైన్‌లో టికెట్లు అమ్ముతోందనుకోండి. ఫారంలో "పెద్దలు ఎంతమంది?" అన్న పెట్టెలో ముందుగానే 1 అని ఉంటుంది. ఒకాయన దాన్ని 4 చేసి బటన్ నొక్కారు. లోపలి జావాస్క్రిప్టు ఆ పెట్టెని గెట్‌ఆట్రిబ్యూట్ అనే మెథడ్‌తో "నీ వాల్యూ ఎంత?" అని అడిగింది. వచ్చిన జవాబు 1. సర్వరుకి వెళ్ళిందీ అదే. నలుగురు భోజనానికి వస్తే విస్తరి ఒక్కటే! ప్రోగ్రామరు పరీక్షించినప్పుడు అంకె మార్చకుండా బటన్ నొక్కి ఉంటే, తప్పు అతని కంటపడే అవకాశమే లేదు.

తెర మీద 4 కనిపిస్తుంటే జవాబు 1 ఎందుకు వచ్చింది? ఇది తెలియాలంటే బ్రౌజరు పేజీని ఎలా దాచుకుంటుందో చూడాలి.

చెట్టూ, చెట్టు మీది చీటీలూ

మనం రాసిన హెచ్‌టీఎమ్‌ఎల్ ఒట్టి పాఠ్యం. బ్రౌజరు దాన్ని చదివి, మెమరీలో ఒక చెట్టులాగా పేర్చుకుంటుంది. దీన్నే డాక్యుమెంట్ ఆబ్జెక్ట్ మోడల్, పొట్టిగా డామ్ అంటారు. దీని మొదటి స్థాయి ప్రమాణాన్ని డబ్ల్యూత్రీసీ 1998 అక్టోబరులో, రెండవ స్థాయిని 2000 నవంబరులో, మూడవ స్థాయిని 2004 ఏప్రిల్‌లో విడుదల చేసింది. ఇప్పుడు ఈ ప్రమాణాన్ని వాట్‌డబ్ల్యూజీ అనే బృందం నిర్వహిస్తోంది. ఆ మేరకు ఈ రెండింటికీ 2019లో ఒప్పందం కుదిరింది.

ఈ చెట్టులో ట్యాగులు ఎలిమెంట్ నోడ్లవుతాయి. వాటి మధ్యనున్న మాటలు టెక్స్ట్ నోడ్లవుతాయి. మరి ఆట్రిబ్యూట్లు? అవి కొమ్మలు కావు, కొమ్మకి కట్టిన చీటీల వంటివి. ఒక ఎలిమెంట్ పిల్లల జాబితా అడిగితే అందులో ఆట్రిబ్యూట్లు రావు. ఆట్రిబ్యూట్‌ని "నీ పేరెంట్ నోడ్ ఎవరు?" అని అడిగితే నల్ వస్తుంది. దాని యజమాని ఎవరో చెప్పడానికి ఓనర్‌ఎలిమెంట్ అనే వేరే ఏర్పాటు ఉంది.

ఎందుకీ వేరు కాపురం? పిల్లలకి వరుస ముఖ్యం. మొదటి పేరా మొదటే రావాలి. ఆట్రిబ్యూట్లకి వరుసతో పని లేదు, ఒకే పేరు రెండుసార్లు ఉండటానికీ వీల్లేదు. ఒకే ట్యాగులో ఒకే ఆట్రిబ్యూట్‌ని రెండుసార్లు రాస్తే హెచ్‌టీఎమ్‌ఎల్ పార్సరు మొదటిదాన్ని ఉంచి రెండోదాన్ని వదిలేస్తుంది. ఎక్స్‌ఎమ్‌ఎల్ పార్సరయితే అసలు ఒప్పుకోదు. ఇది పిల్లల జాబితా కాదు, పేరుకొక విలువ ఉండే పట్టిక. అయినా ప్రమాణం మొదట దీన్ని కూడా ఒక రకం నోడ్ అంది. 2015 నాటి డామ్ 4 కాదంది. తరువాత లివింగ్ స్టాండర్డ్ మళ్ళీ నోడేనంది. పెద్దలకే ఇన్ని ఊగిసలాటలుంటే మనకి అయోమయం కలగడంలో వింతేముంది?

ఇంకొక సంగతి. ఆట్రిబ్యూట్ విలువ ఎప్పుడూ స్ట్రింగే. 4 అని రాసినా, ట్రూ అని రాసినా, అది అక్షరాల వరుసే.

రేషన్ కార్డూ, ఇంట్లోని మనుషులూ

ఆట్రిబ్యూట్ అంటే ట్యాగులో రాసి ఉన్నది. ప్రాపర్టీ అంటే ఆ ఎలిమెంట్ ఆబ్జెక్టు ఇప్పుడున్న స్థితి. రేషన్ కార్డులో ఆరుగురి పేర్లుంటాయి. పెద్దమ్మాయి పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళింది, అబ్బాయి డల్లాస్‌లో ఉన్నాడు. కార్డు చూస్తే ఆరుగురు, తలుపు తట్టి చూస్తే నలుగురు. రెండూ ఒక ఇంటి సంగతే చెబుతున్నాయి గానీ, రెండూ ఒకే ప్రశ్నకి జవాబులు కావు.

కొన్ని విషయాల్లో కార్డూ ఇల్లూ ఎప్పుడూ కలిసే ఉంటాయి. ఐడీ, టైటిల్ వంటి వాటిని ఎటువైపు నుంచి మార్చినా రెండో వైపూ మారుతుంది. దీన్ని రిఫ్లెక్షన్ అంటారు. క్లాస్ కూడా ఇలాంటిదే, కాకపోతే ప్రాపర్టీ పేరు క్లాస్‌నేమ్. క్లాస్, ఫర్ అనే మాటలు చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో రిజర్వుడు పదాలు కాబట్టి క్లాస్‌నేమ్, హెచ్‌టీఎమ్‌ఎల్‌ఫర్ అని పేర్లు మార్చారు. ఇవాళ రియాక్ట్‌లో క్లాస్‌నేమ్ అని ఎందుకు రాయాలో అర్థం కాక విసుక్కునే కుర్రాళ్ళకి అసలు కథ ఇది.

కొన్నిటిలో విలువ రూపం మారుతుంది. లింకులో హెచ్‌రెఫ్ ఆట్రిబ్యూట్‌ని అడిగితే మనం రాసిన పొట్టి దారి వస్తుంది. ప్రాపర్టీని అడిగితే సైటు పేరుతో సహా పూర్తి చిరునామా వస్తుంది.

ఇక మన టికెట్ల పెట్టె. ఇక్కడ వాల్యూ ఆట్రిబ్యూట్‌కి జోడీ వాల్యూ ప్రాపర్టీ కాదు, డిఫాల్ట్‌వాల్యూ ప్రాపర్టీ. ఎవరూ ముట్టుకోనంత వరకూ వాల్యూ ప్రాపర్టీ ఆట్రిబ్యూట్‌నే అనుసరిస్తుంది. మనిషి ఒక్క అక్షరం కొట్టగానే, లేదా స్క్రిప్టు ఆ ప్రాపర్టీని మార్చగానే, రెండింటికీ బంధం తెగిపోతుంది. ఆ తరువాత సెట్‌ఆట్రిబ్యూట్‌తో ఏం రాసినా తెర మీద అంకె మారదు. రీసెట్ బటన్ నొక్కితే మాత్రం మళ్ళీ ఆట్రిబ్యూట్‌లో ఉన్న విలువే వస్తుంది. అంటే ఆ పాత 1 పనికిరానిదేం కాదు, దాన్ని బ్రౌజరు కావాలనే దాచి ఉంచింది. చెక్‌బాక్సుకి చెక్డ్, డిఫాల్ట్‌చెక్డ్ ఇలాగే పనిచేస్తాయి.

కాబట్టి ఆ స్క్రిప్టు వాల్యూ ప్రాపర్టీని అడగాలి. అప్పుడైనా వచ్చేది స్ట్రింగే. దాన్ని సంఖ్యగా మార్చకుండా పెద్దలు 4, పిల్లలు 2 కూడితే 6 రాదు, 42 వస్తుంది. ఈసారి విస్తళ్ళు మిగిలిపోతాయి!

కాదన్నా అవునే

మరో వల డిజేబుల్డ్ వంటి బూలియన్ ఆట్రిబ్యూట్లు. బటన్ ట్యాగులో డిజేబుల్డ్ విలువ "ఫాల్స్" అని రాస్తే ఏమవుతుంది? బటన్ పనిచేయదు. ఆ ఆట్రిబ్యూట్ ఉందా లేదా అన్నదే లెక్క, లోపలేముందో బ్రౌజరు చూడదు. గుమ్మానికి తాళం వేసి "తాళం లేదు" అని చీటీ అంటించినంత మాత్రాన తలుపు తెరుచుకోదు కదా! బటన్ పనిచేయాలంటే రిమూవ్‌ఆట్రిబ్యూట్‌తో దాన్ని తీసేయాలి, లేదా డిజేబుల్డ్ ప్రాపర్టీని ఫాల్స్ చేయాలి.

అలాగని అన్నిటికీ ఇదే సూత్రం అనుకోకండి. చూపు లేనివారి కోసం వాడే ఏరియా ఆట్రిబ్యూట్లలో ట్రూ, ఫాల్స్ అనే మాటలకి వాటి అర్థమే ఉంటుంది.

ఈ గందరగోళం పాతదే

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 7 వరకూ ఆ బ్రౌజరే ఈ రెండింటినీ కలిపేసింది. సెట్‌ఆట్రిబ్యూట్‌తో క్లాస్ మార్చాలంటే క్లాస్‌నేమ్ అని రాయాల్సి వచ్చేది. 2009 మార్చిలో వచ్చిన 8వ వెర్షన్ స్టాండర్డ్స్ మోడ్‌లో దీన్ని సరిచేసింది. జేక్వెరీ లైబ్రరీ కూడా చాలాకాలం రెండింటికీ ఆటర్ అనే ఒక్క మెథడే ఇచ్చింది. 2011 మే నెలలో 1.6 వెర్షన్‌లో ప్రాప్ అనే మెథడ్ తెచ్చి రెండింటినీ విడదీసేసరికి ఎన్నో సైట్లలో చెక్‌బాక్సుల కోడ్ మొరాయించింది. అదే నెలలో 1.6.1 తెచ్చి పట్టు కొంత సడలించాల్సి వచ్చింది. తేడాని ఎంతకాలం కప్పిపెడితే, తరువాత విడదీయడం అంత కష్టం.

మన భాషకి సంబంధించిన చీటీ

నాలుగు ఇంగ్లీషు అక్షరాల ఆట్రిబ్యూట్ ఒకటి మన తెలుగు సైట్లకి ఎంతో ముఖ్యం. అది లాంగ్. తెలుగుకి దాని విలువ టీ, ఈ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు. రెడీమేడ్ టెంప్లేట్లలో చాలాసార్లు ఇంగ్లీషు కోడే ఉంటుంది. మనం తెలుగు వ్యాసాలు పెడతాం, దాన్ని మార్చడం మరచిపోతాం. కంటికి తేడా కనిపించదు. చూపు తగ్గిన పెద్దవారు స్క్రీన్ రీడర్‌తో చదివించుకుంటే మాత్రం, అది ఆ చీటీని నమ్మి తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషు గొంతుకి అప్పగించవచ్చు.

ఇక్కడా మన సూత్రమే పనిచేస్తుంది. పై ట్యాగులో రాసిన భాష లోపలి పేరాలన్నిటికీ వర్తిస్తుంది. కానీ లోపలి పేరాని గెట్‌ఆట్రిబ్యూట్‌తో అడిగితే నల్ వస్తుంది. ఎందుకంటే ఆ మెథడ్ చెప్పేది ఆ ట్యాగులో ఏం రాసి ఉందో అంతే. భాష లేదని కాదు, అక్కడ రాసి లేదని.

కోడ్ రాసేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: నాకు కావలసింది రాసినదా, ఇప్పుడున్నదా? పేజీ రాసినవారి మాట కావాలంటే ఆట్రిబ్యూట్‌ని అడగండి. ఫారం నింపినవారి మాట కావాలంటే ప్రాపర్టీని అడగండి. మీ సంఘం సైటు చూసుకునేది మీరే అయితే, ఈ వారాంతం ఫారంలో ప్రతి అంకెనూ మార్చి ఒకసారి పంపి చూడండి. అటు చేరినది మీరు కొట్టినదో కాదో సరిచూసుకోండి.