దారి చూపినవాని కూలి

దేవుని కృపవలన గత అక్టోబరు నెల రెండవ శనివారం మా సంఘంలోని ఐదు కుటుంబాలవారం కలిసి కటికి జలపాతం చూచి వచ్చాము. పిల్లలు, పెద్దలు కలిపి 19 మందిమి. విశాఖపట్నం స్టేషనులో ప్రార్థన చేసుకొని, ఉదయాన్నే కిరండూల్ వెళ్ళే రైలెక్కాము. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చడానికి 1960లలో వేసిన మార్గమిది. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లల కేకలు, వెలుతురులోకి రాగానే పచ్చని లోయలు. బొర్రా గుహల స్టేషనులో దిగాము.

జలపాతం అక్కడికి దగ్గరే గాని బస్సు పోయే దారి కాదు. రాళ్ళబాటలో కొంతదూరం జీపులు వెళతాయి. తరువాత అడవిలో నడకే. దారి చూపడానికి ఆ కొండ గ్రామపు గిరిజన యువకుడొకడు వచ్చాడు. 600 రూపాయలు అడిగాడు. "కనబడుతున్న బాటకు అంత దేనికి బాబూ?" అని మేము బేరమాడి 400కు ఒప్పించాము. అతడు మారుమాట్లాడక ముందు నడిచాడు. ఏ రాయి జారుతుందో, ఏ వేరు పట్టుకోవచ్చో చెబుతూ, స్త్రీల సమాజపు పెద్దమ్మగారికి చేయి అందిస్తూ అందరినీ చేర్చాడు.

జలపాతం ఎదుట మాట రాలేదు. గోస్తనీ నీళ్ళు బండలమీదుగా దూకుతుంటే తుంపరలు మా ముఖాలను తడిపాయి. పాట ఎత్తుకుంటే మా గొంతులు మాకే వినబడలేదు. 42వ కీర్తన వ్రాసిన భక్తుడు జలధ్వనిని ఎందుకు తలచుకున్నాడో అక్కడ తెలిసింది.

పిల్లలు మడుగులో దిగారు. అరగంట గడిచిందో లేదో, గైడు లేచి నిలబడ్డాడు. "అయ్యగారూ, నీళ్ళు రంగు మారాయండి. పైన వాన పడింది. అందరినీ బయటికి రమ్మనండి" అన్నాడు. మా నెత్తిన ఎండ కాస్తూనే ఉంది. పిల్లలు ఇంకొంచెంసేపని బ్రతిమాలారు. "త్వరగా ఇంటికి పోవాలని అంటున్నాడేమో" అని మాలో ఒకరు గొణిగారు కూడా.

అతడు వాదించలేదు. తానే దిగి చిన్నపిల్లలిద్దరినీ చంకనెత్తుకొని ఒడ్డుకు చేర్చాడు. మిగిలినవారిని కేకలేసి రప్పించాడు. అవతలి బండమీద కూర్చున్న, ఇంటర్ చదివే మా కుర్రవాణ్ణి చేయి పట్టి లాక్కొచ్చాడు. కాసేపటికే ఎర్రమట్టి నీళ్ళు పొర్లుకుంటూ వచ్చాయి. ఆ బండ మునిగిపోయింది. కుర్రవాని తల్లి అక్కడే కూలబడి ఏడ్చింది.

పాస్టరుగారు కృతజ్ఞతా ప్రార్థన చేశారు. తరువాత, బేరమాడిన పెద్దాయనే అడిగినంత డబ్బూ గైడు చేతిలో పెట్టి, "మమ్మల్ని క్షమించు తమ్ముడూ" అన్నారు. "పర్వాలేదండి. ఆకాశాన్ని చూస్తే చాలదండి, నీళ్ళను చూడాలి" అన్నాడతడు.

తిరుగు రైలులో అతని గూర్చే మాట్లాడుకున్నాము. ఈ గోస్తనీయే దిగువన తాటిపూడి జలాశయంలో నిలిచి, విశాఖ నగరానికి తాగునీరవుతుంది. భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ బొర్రా ప్రాంతపు గనుల లీజుల నుండే సమత కేసు పుట్టింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకు అలా లీజులివ్వరాదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కొండమీది మనుషులు తమ నేలను కాచుకుంటే ఆ మేలు దిగువనున్న మనకూ చేరుతుంది. అటువంటివారి దగ్గర 200 రూపాయలు మిగుల్చుకోబోయాము!

వెళ్ళదలచినవారికి ఒక మాట. వానలు వెనుకబట్టాక వెళ్ళండి. జారని చెప్పులు వేసుకోండి. తెచ్చిన ప్లాస్టిక్కు తిరిగి తీసుకురండి. గైడు లేచి రమ్మంటే, ఎండ కాస్తున్నా సరే, వెంటనే రండి.

పనివాని జీతాన్ని గూర్చి లూకా 10వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాటను మనం తరచుగా సువార్త సేవకులకే అన్వయిస్తాము. మన పొలంలో కలుపు తీసే అమ్మకు, మన మూట మోసే అన్నకు, అడవిలో మన బిడ్డ చేయి పట్టుకొన్న తమ్మునికి కూడా అది చెందుతుంది. ఈ వారం మనం ఎవరి కూలి దగ్గర బేరమాడామో ప్రార్థనలో జ్ఞాపకం చేసుకొందాము. జ్ఞాపకం వస్తే, వెళ్ళి ఇచ్చి వద్దాము.