అటకెక్కే పేజీలు

మాఘమాసం వచ్చిందంటే జంగారెడ్డిగూడెంలోని మా డీటీపీ షాపులో కూర్చోడానికి చోటుండేది కాదు. కంప్యూటర్‌కేమో 64 ఎంబీ ర్యామ్. పేజ్‌మేకర్‌లో శుభలేఖ, ఇంకోవైపు పెళ్లికొడుకు ఫోటో. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారితే చాలు, డబ్బా మీది లైటు ఆరకుండా మిణుకుమనేది, లోపల హార్డ్ డిస్క్ గరగరలాడేది. వైరస్ అనుకుని మెకానిక్‌ని పిలిచాను. "వైరస్సు కాదండి. సామాను అటకెక్కి దిగుతోందంతే" అన్నాడు.

అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. ర్యామ్ ఇల్లు, డిస్క్ అటక. ఇల్లు నిండితే ఆపరేటింగ్ సిస్టమ్ కొన్ని పేజీలను (ఒక్కోటి సాధారణంగా 4 కిలోబైట్లు) డిస్క్ మీదకి పంపి, అడిగినప్పుడు దించుతుంది. ప్రోగ్రాముకి ఇదేమీ తెలీదు. ఇల్లంతా తనదేననుకుంటుంది.

ఈ మాయను 1962లో నడిపి చూపించింది మాంచెస్టర్ విశ్వవిద్యాలయం అట్లాస్ కంప్యూటర్, టామ్ కిల్బర్న్ బృందం పని. ఖరీదైన కోర్ మెమరీలో పట్టేవి 16 వేల పదాలే, తిరిగే డ్రమ్ములో 96 వేలు. రెండూ కలిసి ఒకే కొట్టులా కనబడేవి. ఏ పేజీ ఇదివరకు ఎంతసేపు ఊరికే పడుందో చూసి, దేన్ని పంపాలో ఊహించే ప్రోగ్రాం కూడా అందులో ఉండేది.

చిక్కంతా ఆ ఊహలోనే. ర్యామ్‌లోంచి తీయడానికి పట్టేది సుమారు సెకనులో కోటో వంతు, హార్డ్ డిస్క్‌కి నూరో వంతు. మొదటిది ఒక్క సెకననుకుంటే రెండోదానికి రోజు దాటిపోతుంది! అన్నిటికన్నా ఆలస్యంగా కావలసొచ్చే పేజీని పంపడమే ఉత్తమమని 1966లో బెలాడీ అనే పరిశోధకుడు తేల్చాడు. రేపటి సంగతి ఎవరికి తెలుసు? అందుకే ఈమధ్య వాడనిదాన్ని పంపుతారు. గంగాళం అటకెక్కించిన మర్నాడే చుట్టాలు దిగినట్టు, అది ఒక్కోసారి బెడిసికొడుతుంది. అన్ని ప్రోగ్రాములకీ ఒకేసారి చోటు చాలకపోతే యంత్రానికి నిచ్చెనెక్కి దిగడమే పనైపోతుందని 1968లో పీటర్ డెనింగ్ వివరించాడు. మా షాపు జబ్బు అదే.

లైనక్స్‌కి ఈ అటక 1992 జనవరిలో వచ్చింది. 2 ఎంబీ ర్యామ్‌తో అవస్థపడుతున్న ఒక జర్మనీ వాడుకరి కోసం లైనస్ టోర్వాల్డ్స్ క్రిస్మస్ రోజుల్లో రాశాడు. అసలు అటకే తీసేస్తే? గరగర పోతుందనుకుంటాం గానీ, పోదు. అప్పుడు సిస్టమ్ ర్యామ్‌లోని ప్రోగ్రాముల కోడునే పారేసి, మళ్లీ డిస్క్ నుంచి చదువుకుంటుంది. అదీ చాలకపోతే ఏదో ఒక ప్రోగ్రామునే చంపేస్తుంది.

ఫోన్లలో లెక్క వేరు. వాటిలోని ఫ్లాష్ మెమరీ రాసేకొద్దీ అరుగుతుంది. అందుకే నితిన్ గుప్తా మొదలుపెట్టిన జడ్‌ర్యామ్ పద్ధతిలో, దుప్పట్లు అదిమి మూటకట్టినట్టు పేజీలను కుదించి ర్యామ్‌లోనే ఉంచుతారు. ప్రాసెసర్‌కి కాస్త చాకిరీ పెరుగుతుంది. ఈ పద్ధతి 2014లో లైనక్స్‌లో కలిసింది.

మొన్న షాపుకొచ్చిన పొగాకు రైతు ఫోన్లో ఫారం సగం నింపి, పాస్‌బుక్ ఫోటో కోసం కెమెరా తెరిచాడు. తిరిగొచ్చేసరికి ఫారం ఖాళీ.

"రాసిందంతా ఎక్కడికెళ్లిందండి?"

"అటకెక్కలేదు బాబాయ్, బయటికే గెంటేసింది" అన్నాను. ఆయన కళ్లజోడు సవరించుకుని మళ్లీ పేరు దగ్గర్నుంచి మొదలెట్టాడు.