ఇంట్లో తెలుగు.. వీధిలో తమిళం.. పరీక్షలో ఇంగ్లిష్!

మనలి: గడప లోపల అమ్మతో తెలుగు. గడప దాటితే షేర్ ఆటో డ్రైవరుతో, కిరాణా కొట్టులో, స్నేహితులతో తమిళం. కాలేజీలో పుస్తకాలన్నీ ఇంగ్లిష్. ఉత్తర చెన్నైలోని మనలి, తిరువొత్తియూరు, ఎన్నూరు ప్రాంతాల తెలుగు ఇళ్లలో పిల్లలు పెరిగే తీరు ఇదే. రిఫైనరీ, ఎరువుల కర్మాగారం, వాటి చుట్టూ వెలసిన రసాయన పరిశ్రమలను నమ్ముకుని ఇక్కడ స్థిరపడిన కుటుంబాలివి. తండ్రి ఫ్యాక్టరీలో షిఫ్టులు చేశాడు. కొడుకు ఇంజినీరింగో, కూతురు నర్సింగో పూర్తి చేసింది. ఇక విదేశం వెళ్లాలి. డిగ్రీ ఉంది, పాస్‌పోర్టు వచ్చింది. మధ్యలో ఒక్కటే అడ్డు.. ఇంగ్లిష్ ప్రావీణ్య పరీక్ష.

ఇది ప్లస్‌టూ పరీక్షలాంటిది కాదు. పాస్, ఫెయిల్ అనే మాటే ఉండదు. వచ్చిన స్కోరు అడిగినంత ఉందా లేదా అన్నదే లెక్క. ఒక్కసారి రాయాలంటే పదిహేను వేల రూపాయలకు పైమాటే. శిక్షణ ఫీజు దీనికి అదనం. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లు రెండేళ్లే చెల్లుతాయి. చీటీ పాడి, నగలు కుదువపెట్టి ఫీజు కట్టే ఇంట్లో అర బ్యాండు తగ్గినా అది చిన్న విషయం కాదు. అందుకే డబ్బు కట్టకముందే తెలుసుకోవాల్సినవి, చదివేటప్పుడు మార్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఏ పరీక్ష.. ఎవరికి?

చాలామంది ముందు శిక్షణ కేంద్రంలో చేరిపోతారు. తమకు ఏ పరీక్ష కావాలన్నది ఆ తర్వాత అడుగుతారు. ఇది తలకిందుల వ్యవహారం. వెళ్లే దేశం, చేరే యూనివర్సిటీ లేదా లైసెన్సు ఇచ్చే మండలి ఏది అడుగుతోందో దాన్నిబట్టే పరీక్షను ఎంచుకోవాలి.

ఐఈఎల్‌టీఎస్ 1989 నుంచి ఉంది. ఇందులో రెండు రకాలు. పైచదువులకు వెళ్లేవారికి అకడమిక్, ఉద్యోగం, వలస కోసమైతే జనరల్ ట్రైనింగ్. అమెరికా చదువులకు ఎక్కువగా వినిపించే టోఫెల్ 1964లో మొదలైంది. అందులో మాట్లాడే భాగం కూడా కంప్యూటరుతోనే. 2009లో వచ్చిన పీటీఈ అకడమిక్ కూడా అలాంటిదే. ఐఈఎల్‌టీఎస్‌లో మాత్రం పరీక్షకుడితో నేరుగా మాట్లాడాలి. మనిషి ముందు బిగుసుకుపోయేవారు కొందరు, మైకు ముందు నోరు పెగలనివారు కొందరు. తమది ఏ రకమో తెలుసుకోవడం కూడా సన్నద్ధతలో భాగమే.

నర్సులు, డాక్టర్లు, ఫార్మసిస్టులకు ఓఈటీ అనే ప్రత్యేక పరీక్ష ఉంది. ఇందులో రోగితో, రోగి బంధువుతో మాట్లాడినట్టు సంభాషణ చేయాలి. కేసు వివరాలు చూసి లేఖ రాయాలి. వార్డులో రోజూ చేసే పనే కాబట్టి కొందరికి ఇది తేలిక. బ్రిటన్ నర్సింగ్ మండలి ఐఈఎల్‌టీఎస్‌నూ ఓఈటీనీ రెండింటినీ ఒప్పుకుంటుంది. ఐఈఎల్‌టీఎస్ అయితే వినడం, చదవడం, మాట్లాడటంలో 7 చొప్పున, రాయడంలో 6.5 రావాలి. ఓఈటీ అయితే మొదటి మూడింటిలో బీ గ్రేడు, రాయడంలో సీ ప్లస్ ఉండాలి. బ్రిటన్‌కు కొన్ని వీసాల కోసం ‘యూకేవీఐ’ ఐఈఎల్‌టీఎస్ అని విడిగా బుక్ చేసుకోవాలి. మామూలుది రాసేసి తర్వాత తెలిసి తల పట్టుకునే కంటే ముందే అడగడం మేలు. జర్మనీకి నర్సుగా వెళ్లాలంటే మాత్రం జర్మన్ భాష పరీక్షే ముఖ్యం.

సగటు చూసి మురిసిపోతే..

ఐఈఎల్‌టీఎస్‌లో నాలుగు భాగాలు. వినడం సుమారు 30 నిమిషాలు, 40 ప్రశ్నలు. చదవడం 60 నిమిషాలు, 40 ప్రశ్నలు. రాయడం 60 నిమిషాలు, రెండు అంశాలు. మాట్లాడటం 11 నుంచి 14 నిమిషాలు. ఒక్కోదానికి 9 దాకా బ్యాండు ఇచ్చి, నాలుగింటి సగటును దగ్గరి అర బ్యాండుకు సవరిస్తారు. ఉదాహరణకు వినడంలో 6.5, చదవడంలో 6.5, రాయడంలో 5, మాట్లాడటంలో 7 వస్తే సగటు 6.25. అది 6.5 అవుతుంది. చూడటానికి బాగానే ఉంది. కానీ ‘ఏ భాగంలోనూ 6కి తగ్గరాదు’ అనే యూనివర్సిటీ దగ్గర ఆ 5 పనిచేయదు. మొత్తం స్కోరు ఎంత కావాలి, ఒక్కో భాగంలో ఎంత కావాలి.. ఈ రెండు అంకెలనూ కాగితం మీద రాసి గోడకు అతికించుకున్నాకే చదువు మొదలుపెట్టాలి.

రాసే భాగంలో రెండో అంశానికి మొదటి దానికంటే రెట్టింపు విలువ. మొదటిది 150 పదాలకు, రెండోది 250 పదాలకు తగ్గకూడదు. మొదటి దానికే 40 నిమిషాలు తినేసి, రెండోది హడావుడిగా ముగించేవారు ఎక్కువగా నష్టపోతారు. 20 నిమిషాలు, 40 నిమిషాలు అన్న పంపకం మొదటి రోజు నుంచీ అలవాటు కావాలి.

నాలుక తిరిగినా.. వాక్యం తిరగదు

మన పిల్లలకు ఇంగ్లిష్ రాదా అంటే వస్తుంది. తెలుగులో ఆలోచించి, ఇంగ్లిష్ మాటల్లో చెప్పడం దగ్గరే తేడా కొడుతుంది. ‘నాన్న పదేళ్ల నుంచి రిఫైనరీలో పనిచేస్తున్నారు’ అన్నది నోట్లోకి వచ్చేసరికి ‘ఫాదర్ ఈజ్ వర్కింగ్ ఇన్ రిఫైనరీ సిన్స్ టెన్ ఇయర్స్’ అయిపోతుంది. ‘నుంచి’ అనగానే మనకు ‘సిన్స్’ తడుతుంది. అక్కడ ఉండాల్సింది ‘హ్యాజ్ బీన్ వర్కింగ్’, ‘ఫర్ టెన్ ఇయర్స్’. ‘రిఫైనరీ’కి ముందు ‘ద’ కూడా ఉండాలి. తెలుగులో అలాంటి మాట లేదు, తమిళంలోనూ లేదు. కాబట్టి అది జారిపోతూనే ఉంటుంది.

‘నిన్ననే వచ్చాను’ అన్న తెలుగు, ‘నేత్తుదాన్ వందేన్’ అన్న తమిళం.. రెండూ కలిసి ‘ఎస్టర్‌డే ఓన్లీ ఐ కేమ్’ అనిపిస్తాయి. ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’, ‘డిస్కస్ అబౌట్’, ‘కజిన్ బ్రదర్’ కూడా ఇలాంటివే. ఇవి మన వీధిలో చెల్లుతాయి. పరీక్షలో వ్యాకరణం పద్దులో కోత పడుతుంది. ఎవరికి వారు తాము తరచూ చేసే పది తప్పుల జాబితా రాసుకుని, వాటినే నెల రోజులు వెంటాడితే లావుపాటి వ్యాకరణ పుస్తకం కంటే ఎక్కువ లాభం.

ఉచ్చారణ సంగతీ అంతే. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కాబట్టి ‘బస్’ మనకు ‘బస్సు’, ‘బ్యాంక్’ ‘బ్యాంకు’. ‘ఎగ్’ను ‘యెగ్’ అనేస్తాం. ఇవి కొంచెం తగ్గించుకుంటే చాలు. దొరల యాస పెట్టనక్కర్లేదు. యాస ఏదన్నది కాదు, మాట స్పష్టంగా అర్థమవుతోందా అన్నదే చూస్తారు. పైగా తెలుగువారికి ఓ లాభం ఉంది. తమిళ లిపిలో ‘ప’, ‘బ’లకు ఒకే అక్షరం. ‘క’, ‘గ’లకూ అంతే. తెలుగులో వేర్వేరు. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరైంది. ఒకటో తరగతి నుంచి అంచెలంచెలుగా అమలైన ఆ నిబంధనతో తెలుగు రాయడం నేర్చుకోని పిల్లలు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. అయినా ఇంట్లో విన్న తెలుగు వారి నాలుక మీద ఈ తేడాను నిలిపే ఉంచింది. దాన్ని వదులుకోకూడదు.

కంఠస్థం చేస్తే కొంప మునుగుతుంది

శిక్షణ పేరుతో కొన్నిచోట్ల తయారు వ్యాసాలు బట్టీ పట్టిస్తారు. ‘ఈ ఆధునిక యుగంలో’ అని మొదలై, ఏ ప్రశ్నకైనా అతికే వాక్యాలవి. బట్టీ పట్టిన జవాబును గుర్తుపట్టడంలో పరీక్షకులకు శిక్షణ ఉంటుంది. గుర్తుపడితే స్కోరు పడిపోతుంది.

నిజానికి మనలి పిల్లలకు చెప్పడానికి సరుకు లేక కాదు. పర్యావరణం, పరిశ్రమలు, నగరాల్లో రద్దీ.. ఈ పరీక్షల్లో తరచూ వచ్చే అంశాలే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదల వేళ మనలి రిఫైనరీ ప్రాంతం నుంచి చమురు నీటితో కలిసి బకింగ్‌హాం కాలువ మీదుగా ఎన్నూరు క్రీక్‌లోకి చేరింది. జాలర్ల పడవలు, వలలు నల్లబడ్డాయి. వేట ఆగిపోయింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ విచారణ చేపట్టింది. పరిశ్రమ వల్ల ఉద్యోగాలొచ్చాయి, అదే పరిశ్రమ పక్కన గాలి, నీరు దెబ్బతిన్నాయి. ఈ రెండు వైపులనూ చూస్తూ పెరిగిన పిల్లవాడు, ‘గ్లోబల్ వార్మింగ్ ఈజ్ ఎ బర్నింగ్ ఇష్యూ’ అన్న అరువు వాక్యం కోసం వెతుక్కోవడమేంటి? కళ్లతో చూసిన దాన్ని చిన్న చిన్న వాక్యాల్లో, ఎందుకు, ఎలా అని విడమరిచి రాస్తే చాలు. మాట్లాడే భాగంలో ఒక కార్డు ఇచ్చి, ఒక నిమిషం ఆలోచించుకోనిచ్చి, రెండు నిమిషాల దాకా మాట్లాడమంటారు. అక్కడా అంతే. చూడని స్విట్జర్లాండ్ కంటే తిరువొత్తియూరు వడివుడై అమ్మన్ గుడి గురించి చెప్పడమే తేలిక.

అడ్డదారి ఎక్కడికి చేరుస్తుంది?

‘పేపరు ముందే ఇస్తాం’, ‘రాయకుండానే సర్టిఫికెట్’ అని ఫోన్లకు మెసేజీలు పంపే బాపతు ఎప్పుడూ ఉంటుంది. నమ్మినవారికి ఏమవుతుందో 2022లో లోకం చూసింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో అమెరికా, కెనడా సరిహద్దు నదిలో పడవ మునిగిపోతుండగా ఆరుగురు గుజరాత్ యువకులు పట్టుబడ్డారు. కోర్టులో ఇంగ్లిష్‌లో జవాబు చెప్పలేకపోయారు. తీరా చూస్తే మెహ్సానా జిల్లాకు చెందిన యువకులకు ఐఈఎల్‌టీఎస్‌లో 6.5 నుంచి 7 దాకా బ్యాండ్లు ఉన్నాయి! దాంతో పరీక్షలో అక్రమాలపై గుజరాత్ పోలీసులు దర్యాప్తు చేపట్టారు. కొనుక్కున్న బ్యాండు విమానం ఎక్కిస్తుందేమో. దిగాక మాట్లాడాల్సింది మనమే.

దొరలకూ తప్పలేదు తెలుగు పరీక్ష

బతుకుతెరువు కోసం పరాయి భాషలో పరీక్ష రాయడం చెన్నపట్నానికి కొత్తేం కాదు. ఒకప్పుడు ఆ తిప్పలు ఇంగ్లిష్‌వారివి. ఈస్టిండియా కంపెనీలో కొలువు చేయడానికి వచ్చిన కుర్ర దొరలకు ఇక్కడి భాషలు నేర్పేందుకు 1812లో సెయింట్ జార్జి కోట కళాశాల పెట్టారు. 1817లో మద్రాసులో దిగిన సి.పి.బ్రౌన్ అక్కడే తెలుగు నేర్చుకుని, పరీక్ష నెగ్గి 1820లో కడపకు ఉద్యోగానికి వెళ్లాడు. పరీక్ష అయిపోయిందని పుస్తకం మూసేయలేదు. పండితులను పెట్టుకుని తెలుగు గ్రంథాలను సేకరించాడు, పరిష్కరింపజేశాడు. 1852లో తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు అచ్చయింది.

మనలికీ ఈ చరిత్రలో చోటుంది. ఈ ఊరి పేరే ఇంటిపేరుగా గల ముదలియార్లు కంపెనీ దొరల దగ్గర దుబాసీలుగా చేశారు. దుబాసీ అంటే రెండు భాషలు తెలిసినవాడనే. ముత్తుస్వామి దీక్షితుల కుటుంబాన్ని ఆదరించింది ఈ మనలి ముదలియార్లే. వారి వెంట కోటకు వెళ్లి విన్న ఇంగ్లిష్ బ్యాండు వరసలే ఆయన నొట్టుస్వరాలకు మూలమని సంగీత చరిత్ర చెబుతుంది. రెండు భాషల మధ్య నిలబడి బతకడం ఈ ఊరికి పాత విద్యే.

మూడు నెలలు ఇలా..

* మొదటి వారం: ఏ శిక్షణా లేకుండా ఒక పూర్తి నమూనా పరీక్ష రాయండి. ఏ భాగంలో వెనకబడ్డారో అక్కడే తేలుతుంది. కేంబ్రిడ్జి ప్రచురించే ఐఈఎల్‌టీఎస్ పుస్తకాల్లో ఒక్కోదాంట్లో నాలుగేసి పరీక్షలుంటాయి. కోట్టూర్‌పురం అణ్ణా శతజయంతి గ్రంథాలయం, ఎగ్మూరు కన్నెమరా గ్రంథాలయం చదువుకోవడానికి అనువైన చోట్లు.

* మొదటి నెల: రోజుకో అరగంట ఇంగ్లిష్ వార్తలు వినండి. విన్నది రెండు నిమిషాల్లో తిరిగి చెప్పి ఫోనులో రికార్డు చేసుకోండి. మొదట్లో సిగ్గేస్తుంది. వారం పోతే అలవాటవుతుంది.

* రెండో నెల: వారానికి మూడు వ్యాసాలు. గడియారం ముందు పెట్టుకునే రాయాలి. దిద్దేవారు ఒకరుండాలి. శిక్షణ కేంద్రానికి డబ్బు కడితే ఈ దిద్దడానికే కట్టాలి. ‘నా వ్యాసాలు ఎవరు దిద్దుతారు, వారానికి ఎన్ని?’ అని చేరకముందే అడగండి.

* మూడో నెల: వారానికో పూర్తి పరీక్ష. కంప్యూటరు మీద రాసేవారు టైపింగ్ సాధన చేయాలి. అందులో వినే భాగం ముగిశాక సరిచూసుకోవడానికి రెండు నిమిషాలే ఇస్తారు. స్పెల్లింగు తప్పితే ఆ మార్కు పోయినట్టే.

* తేదీ ఎంపిక: దరఖాస్తు గడువుకు కనీసం రెండు నెలల ముందు రాయండి. స్కోరు తగ్గితే మళ్లీ ప్రయత్నించే వీలుంటుంది. కంప్యూటరు మీద రాసినవారు తగ్గిన ఒక్క భాగాన్నే 60 రోజుల్లోగా మళ్లీ రాసే సౌకర్యం ఉంది. కానీ దాన్ని అన్ని సంస్థలూ ఒప్పుకోవు. మీరు వెళ్లే సంస్థను ముందే కనుక్కోండి.

* పరీక్ష రోజు: అసలు పాస్‌పోర్టు తప్పనిసరి. జిరాక్సు చెల్లదు. మనలి నుంచి నగరంలోకి లారీల రద్దీ తెలిసిందే. తిరువొత్తియూరు చేరి మెట్రో పట్టుకుంటే ఆదుర్దా తగ్గుతుంది.