నురగ రాని నీళ్లు, నలుగు పిండి

విజయవాడ నుంచి మైలవరం మీదుగా తిరువూరు వెళ్లే దారిలో ఎ.కొండూరు తగులుతుంది. మామిడి తోటలు, మెట్ట చేలు, చుట్టూ తండాలు. ఈ మండలం పేరు పత్రికలకెక్కింది మాత్రం తండాల్లోని కిడ్నీ జబ్బుల వల్ల, తాగునీటి కష్టం వల్ల. అలాంటి చోట నిలబడి ముఖం దేనితో కడుక్కోవాలన్న ముచ్చటేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. కానీ చర్మం కథ కూడా నీళ్ల దగ్గరే మొదలవుతుంది.

బోరు నీళ్లు పోసుకునే ఇళ్లలో ఇది తెలిసిన సంగతే. సబ్బు అరిగిపోతుంది కానీ నురగ రాదు. బకెట్టు అంచున తెల్లటి చార కడుతుంది. ముఖం తుడుచుకున్న కాసేపటికే బుగ్గలు బిగుసుకుపోయి, పెదవుల పక్కన పొట్టు లేస్తుంది. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి నీటిలో కరగని మడ్డిగా మారతాయి. బకెట్టుకు అంటుకునేది అదే, చర్మానికి అంటుకునేదీ అదే. భారత ప్రమాణాల సంస్థ లెక్క ప్రకారం తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా సరిపెట్టుకోవచ్చంటుంది. స్నానాల గదిలో ఈ లెక్క చూసేవారెవరు?

ఇంగ్లండులో షెఫీల్డ్ విశ్వవిద్యాలయం, లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 80 మంది మీద చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. షాంపూల్లో, ఫేస్ వాష్‌లలో నురగ కోసం వేసే సోడియం లారిల్ సల్ఫేట్, నీళ్లు కఠినమయ్యేకొద్దీ చర్మం మీద ఎక్కువగా మిగిలిపోతోందనీ, మంటకు అదే దారి తీస్తోందనీ అందులో తేలింది. ఎగ్జిమా ఉన్నవాళ్లకు ఈ బాధ మరీ ఎక్కువ. పైగా మన చర్మం పై పొర కొంచెం ఆమ్ల గుణంతో ఉంటుంది, పీహెచ్ దాదాపు 5. మామూలు సబ్బు 9, 10 దగ్గర ఉంటుంది. రోజుకు నాలుగుసార్లు సబ్బుతో ముఖం రుద్దుకునేవాళ్లు ఆ పొరకు తేరుకునే వ్యవధి కూడా ఇవ్వడం లేదన్నమాట.

సబ్బు మానేసి నలుగు పిండికి మారినవాళ్లు ‘ముఖం మెత్తబడింది’ అంటే అందులో నిజం లేకపోలేదు. ఆ ఘనతంతా మూలికలకే కట్టబెట్టనక్కర్లేదు. పెసరపిండి, శనగపిండి జిడ్డును పీల్చుకుంటాయి. పప్పుల్లో సాపోనిన్లనే సహజమైన నురగ పదార్థాలు కూడా కాస్త ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, అందులో సబ్బు లేదు. సబ్బు లేనప్పుడు బోరు నీళ్లలో ఎంత కాల్షియం ఉన్నా మడ్డి కట్టదు. భోగినాటి తలంటులో వాడే కుంకుడు రసమూ ఇంతే. అయితే కుంకుడు కంట్లో పడితే ఎలా మండుతుందో తెలుగు పిల్లలందరికీ అనుభవమే. దాన్ని తలకే పరిమితం చేయడం మంచిది.

సున్నిపిండి పట్టించడంలో ఇల్లాళ్లకు తెలిసిన కిటుకులు ఏ డబ్బా మీదా రాసి ఉండవు. ఎండిన పెసలు, శనగపప్పు, గులాబీ రేకులు, వట్టివేళ్లు, కచ్చూరాలు సంచిలో పోసుకుని మిల్లుకు వెళ్లినవాళ్లు ముందు అడిగేది ఒక్కటే, ‘ఇప్పుడు ఏం ఆడించారు?’ అని. అంతకుముందే ఆ మరలో మిరపకాయలు ఆడి ఉంటే ఆ పిండి ముఖానికి పనికిరాదు. బియ్యమో గోధుమలో ఆడేదాకా ఆగుతారు. తెచ్చాక పల్చటి నూలుగుడ్డలో వస్త్రగాళితం పడతారు. గుడ్డలో మిగిలిన రవ్వ ఒంటికి, కింద రాలిన మెత్తటి పొడి ముఖానికి. రవ్వతో ముఖం తోమితే కంటికి కనిపించని గీతలు పడతాయి. మొటిమలు ఉన్నవాళ్లకైతే మరింత ఎర్రబడుతుంది. కావలసినంత పొడి మాత్రమే తీసుకుని నీళ్లతోనో పాలతోనో జారుగా కలిపి, వేళ్లతో నెమ్మదిగా రాసి, ఆరిపోకముందే కడిగేయాలి. బిగుసుకునేదాకా ఉంచి గీకి తీయడం ముఖానికి శిక్షే. కలిపిన ముద్దను రేపటికి దాచకూడదు. తడి తగిలితే బూజు పట్టడానికి ఎంతోసేపు పట్టదు.

ప్రకృతి ఇచ్చిందల్లా మెత్తనిది అనుకుంటేనే చిక్కు. చాలా సున్నిపిండ్లలో బావంచాలు వేస్తారు. వాటిలోని సోరాలెన్ చర్మాన్ని ఎండకు అతిగా స్పందించేలా చేస్తుంది. బొల్లి మచ్చలకు సోరాలెన్ ఇచ్చి అతినీలలోహిత కిరణాలు పట్టించే వైద్యం ఈ గుణం మీదే ఆధారపడింది. అలాంటి పొడి ముఖానికి రాసుకుని మిట్టమధ్యాహ్నం మామిడి తోటలోకి వెళితే తెల్లబడటం అటుంచి కమిలిపోయే ప్రమాదం ఉంది. నిమ్మరసానిదీ ఇదే దారి. దాని పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, ఎండ తోడైతే నల్లటి మచ్చలు తేలవచ్చు. ఇక పసుపు. గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంటును మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) పోరాడి 1997లో రద్దు చేయించింది. అది మనకు ముందే తెలుసని అక్కడ రుజువైంది, అంతే. పసుపు ఒంటి రంగును తెల్లబరుస్తుందనడానికి గట్టి రుజువు లేదు. మిలమిల మెరిసే విడి పసుపు పొడిలో లెడ్ క్రోమేట్ కలిపే మోసం కూడా ఉంది కాబట్టి కొమ్ములు కొని ఆడించుకోవడం నయం.

పిండి కలిపే ఓపిక అందరికీ ఉండదు. పొద్దున్నే బస్సు అందుకోవాల్సిన కాలేజీ అమ్మాయికి సబ్బు లేని క్లెన్సర్ తేలిక. ఇది కొత్త వింతేమీ కాదు. చర్మ వైద్యులు ఇప్పటికీ రాసే సెటాఫిల్‌ను 1947లో అమెరికాలోని టెక్సాస్‌లో ఒక మందుల తయారీదారు చేశాడు. సబ్బుకు బదులు వేరే శుభ్రపరిచే పదార్థంతో డవ్ బిళ్ల 1957లో వచ్చింది. రెండూ ఏ ఆకుల రసమూ కావు, అయినా మామూలు సబ్బు కంటే చర్మానికి సాధువులు. వేపాకు బొమ్మ వేసిన ఫేస్ వాష్ ట్యూబు వెనక్కి తిప్పి చూస్తే సోడియం లారిల్ సల్ఫేట్ లాంటివి కనిపించడమూ మామూలే. బొమ్మకంటే ఆ చిన్న అక్షరాలనే నమ్మాలి.

అన్నిటికంటే భయపడాల్సింది తెల్లబరిచే క్రీములకు. కేరళలోని కొట్టక్కల్‌లో ఒక ఆసుపత్రి వైద్యులు 2021 జూలై, 2023 సెప్టెంబరు మధ్య వచ్చిన 22 మంది మెంబ్రేనస్ నెఫ్రోపతీ రోగులను పరిశీలించారు. మూత్రంలో ప్రొటీన్ పోయే కిడ్నీ జబ్బు అది. వారిలో 15 మందికి నెల్-1 అనే అరుదైన రకం ఉందని తేలింది. ఆ 15 మందిలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడామని ఒప్పుకున్నారు. దోషి పాదరసం. క్రీము మానేశాక ఎక్కువమంది కోలుకున్నారు. ఎ.కొండూరు తండాల జబ్బును దీనితో ముడిపెట్టకూడదు, అది వేరే సంగతి. అయినా కిడ్నీ జబ్బు బాధ ఇంతగా చూసిన మండలంలో ఈ కబురు ప్రతి ఇంటికీ చేరాలి. మన దేశంలో సౌందర్య సాధనాల్లో పాదరసం కావాలని కలపడం నిషేధం. పొరపాటున చేరినా, కంటికి వాడేవి తప్ప మిగతా వాటిలో పది లక్షల్లో ఒక వంతు మించకూడదు. పేరూ ఊరూ లేని డబ్బాలకు ఆ లెక్క ఎవరు చూస్తారు?

సున్నిపిండి అయినా, క్లెన్సర్ అయినా, కొత్తది ఏది తెచ్చుకున్నా ముందు మోచేతి మడత దగ్గర రోజుకు రెండుసార్లు చొప్పున వారం పది రోజులు రాసి చూడండి. దురద, ఎరుపు లేకపోతేనే ముఖానికి రానివ్వండి. ముఖం రెండు పూటలా కడిగితే చాలు, తడి ఆరకముందే కొంచెం మాయిశ్చరైజర్ రాయండి. తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, తేదీ లేని క్రీము ఎంత చవకైనా, పక్కింటివాళ్లు ఎంత మెచ్చుకున్నా కొనకండి.