రెండు సంచులు సర్దాం.. ఒకటి షిప్పుకి, ఒకటి వరదకి!

తక్కువ సామానుతో ఇల్లు దాటడం చింతూరు వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. శబరి ఎప్పుడో నేర్పేసింది.

మా దగ్గర వరద వచ్చే తీరే వేరు. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉంటే శబరి నీళ్ళకి దిగే దారి దొరకదు. వెనక్కి ఎగదన్ని ఊళ్ళ మీదికి ఎక్కుతాయి. మా ఊళ్ళో చినుకు పడకపోయినా నీళ్ళు పెరుగుతుంటాయి. అందుకే వానాకాలం వస్తే అందరి కళ్ళూ భద్రాచలం నీటిమట్టం మీదే. 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. 2022 జులై 16న అది 71.3 అడుగులకి వెళ్ళింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. ఆ తర్వాత ఇంత వరద మళ్ళీ అప్పుడే.

గుట్ట ఎక్కాల్సి వచ్చినప్పుడు ఏం తీసుకెళ్తారు? బియ్యం, టార్పాలిన్, మందులు, ఫోను, కాగితాల సంచి. టీవీ, బీరువా ఎక్కడివక్కడే. ‘ఇది పోతే మళ్ళీ దొరుకుతుందా?’ అనే ఒక్క ప్రశ్నతో సామాను తేలిపోతుంది. 2024 జులైలో అమ్మానాన్నలతో పదిహేను రోజుల ఫారిన్ ట్రిప్పుకి సర్దేటప్పుడు నేను వాడింది కూడా ఈ ప్రశ్ననే.

జూన్ నెలాఖరుకి నాన్న రిటైరయ్యారు. ఇద్దరూ అప్పటిదాకా విమానమే ఎక్కలేదు. సింగపూర్ వెళ్ళి, అక్కడ షిప్పెక్కి, పెనాంగ్, ఫుకెట్ చూసుకుని తిరిగి సింగపూర్ చేరి, చివర్లో కొన్ని రోజులు మలేషియాలో ఉండాలని ప్లాన్. నా రూలు ఒకటే. మనిషికి 7 కిలోల క్యాబిన్ బ్యాగు, ముగ్గురికీ కలిపి ఒకటే చెక్-ఇన్ పెట్టె. ఎందుకంటే చింతూరు నుంచి హైదరాబాద్‌కి బస్సు, అక్కడి నుంచి విమానం, ఆపైన మెట్రో, షిప్పు, మళ్ళీ బస్సు. ప్రతిచోటా ఆ సామాను ఎత్తాల్సింది మేమే. అమ్మకి మోకాళ్ళ నొప్పులు.

అమ్మ మొదట సర్దింది రెండు పెద్ద సూట్‌కేసులు. అందులో చిన్న రైస్ కుక్కర్ కూడా ఉంది!

మూడు కుప్పలు

మంచం మీద అన్నీ పరిచి మూడు కుప్పలు చేశాం. పోతే దొరకనివి మొదటిది: పాస్‌పోర్టు, మందులు, కళ్ళజోడు. అక్కడ కొనుక్కోగలిగినవి రెండోది: సబ్బు, పేస్టు, షాంపూ, గొడుగు. ఉతికి మళ్ళీ వేసుకోగలిగినవి మూడోది: బట్టలు. రెండో కుప్పలో చాలా భాగం ఇంట్లోనే ఉండిపోయింది. మూడో కుప్పని సగానికి కోశాం.

పదిహేను రోజులకి పదిహేను జతలు అక్కర్లేదు. ఐదు చాలు. రాత్రి ఉతికి ఆరేస్తే పొద్దున్నకి ఆరిపోయే బట్ట అయితే ఇంకా మంచిది. మందపాటి జీన్స్ అస్సలు వద్దు. తడిస్తే రెండు రోజులైనా ఆరదు. షిప్పుల్లో డబ్బు తీసుకుని ఉతికిపెడతారు కానీ రేటు చూస్తే మనమే ఉతుక్కుందాం అనిపిస్తుంది.

చీరల దగ్గరే పెద్ద చర్చ. చేతిలో పట్టుకుని తూచే చిన్న లగేజీ త్రాసు తెప్పించాను. అమ్మ జరీ పట్టుచీర ముప్పావు కిలో పైనే తూగింది. అది చూసి అమ్మే పక్కన పెట్టేసి పలచటి మంగళగిరి చీర తీసింది. క్రూజుల్లో ఒకటి రెండు రాత్రులు ‘ఫార్మల్ నైట్’ అంటారు. దానికోసం ఆడవాళ్ళు కొత్త గౌన్లు కొనక్కర్లేదు. చీర ఏ డ్రెస్ కోడ్‌కైనా సరిపోతుంది. నాన్నకి నాలుగు షర్టులు, రెండు ప్యాంట్లు, ఒక లుంగీ. ఆ లుంగీ దుప్పటి అయింది, తువ్వాలు అయింది, బస్సులో దిండు అయింది. అంతకన్నా మంచి ట్రావెల్ గాడ్జెట్ నాకింకా కనబడలేదు.

బ్యాగుల్లో సర్దేటప్పుడు ఒక కిటుకు. మా కొండల్లో కావడి మోసేవాళ్ళని చూడండి. బరువంతా ఒక వైపు వెయ్యరు. మేమూ అంతే. చెక్-ఇన్ పెట్టెలో ముగ్గురివీ కొన్ని, ప్రతి క్యాబిన్ బ్యాగులో ఒక జత, రెండు రోజుల మందులు. పెట్టె దారి తప్పినా ఎవరి పనీ ఆగదు. ఆఫీసులో సర్వర్లకి మేం చేసేది కూడా ఇదే.

పచ్చడి, కొబ్బరి, పవర్ బ్యాంకు

క్యాబిన్ బ్యాగులో ద్రవాలు 100 మిల్లీలీటర్ల సీసాల్లోనే ఉండాలి. సీసా పెద్దదైతే లోపల కొంచెమే ఉన్నా కుదరదు. పచ్చడి, నెయ్యి కూడా ఈ లెక్కలోకే వస్తాయి కాబట్టి చెక్-ఇన్‌లో పెట్టాలి. కారప్పొడి కూడా చేతి సంచిలో వద్దు. ఎండు కొబ్బరి మాత్రం చెక్-ఇన్‌లో కూడా పెట్టకూడదు. అందులోని నూనె వేడికి మంట అంటుకునే ప్రమాదం ఉందని విమానయాన నిబంధనలు దాన్ని ఆపేశాయి. అమ్మ డబ్బాలో ఎండు కొబ్బరి చిప్పలు తీసేసి వేరుశనగ పొడి పెట్టాం.

కోడి పచ్చడి అడిగిన వాళ్ళకి ఒక మాట. సింగపూర్ తను అనుమతించిన దేశాల నుంచే మాంసం ఉత్పత్తుల్ని రానిస్తుంది. అక్కడికి చూయింగ్ గమ్, గుట్కా, ఖైనీ, వేప్ ఏవీ తీసుకెళ్ళకూడదు. ఎవరైనా ‘మా వాడికి ఇవ్వండి’ అని మూటకట్టి ఇస్తే విప్పి చూసుకోండి.

పవర్ బ్యాంకు చెక్-ఇన్‌లో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే. హద్దు 100 వాట్ అవర్లు. మీ దానిమీద 20,000 ఎంఏహెచ్ అని ఉంటే దాన్ని 3.7తో గుణించి వెయ్యితో భాగించండి. 74 వస్తుంది. ఇబ్బంది లేదు. 27,000 అంటే హద్దు అంచు మీద ఉన్నట్టే. ముగ్గురికి ఒకటి చాలు. చార్జర్లు మూడు వద్దు, రెండు మూడు పోర్టులున్నది ఒకటి. సింగపూర్, మలేషియాల్లో సాకెట్ వేరు, మూడు చదరపు పిన్నులది. ఒక అడాప్టర్ తప్పనిసరి.

ఇక మందులు. అమ్మకి బీపీ మాత్రలు ఉన్నాయి. పదిహేను రోజులకి కాదు, ఇరవై రెండు రోజులకి తీసుకున్నాం. స్ట్రిప్పులు విప్పకుండా, డాక్టర్ చీటీతో సహా. మాత్రలన్నీ విడదీసి ఒక డబ్బాలో పోసుకెళ్తే అవేంటో కస్టమ్స్ వాళ్ళకి ఎలా తెలుస్తుంది? కోడీన్, ట్రమడాల్ లాంటివి ఉన్న దగ్గు, నొప్పి మందుల మీద సింగపూర్‌లోనూ యూఏఈలోనూ ఆంక్షలున్నాయి. వెళ్ళే దేశం నిబంధన ముందే చూసుకోవాలి. జులైలో అండమాన్ సముద్రం నెమ్మదిగా ఉండదు కాబట్టి డాక్టర్‌ని అడిగి వాంతుల మాత్రలూ రాయించుకున్నాం. నాన్నకి మొదటి రాత్రే అక్కరకొచ్చాయి.

షిప్పెక్కేటప్పుడు

షిప్పుకి కొన్ని పద్ధతులు వేరే ఉంటాయి. రేవులో పెద్ద పెట్టెలు తీసుకుంటారు. అవి మన గదికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకని చేతి సంచిలో పాస్‌పోర్టు, మందులు, చార్జర్, ఒక జత బట్టలు ఉండాలి. ఇస్త్రీపెట్టె, కెటిల్, రైస్ కుక్కర్ లాంటి వేడెక్కే సామాన్లు చాలా షిప్పుల్లో నిషేధం. సముద్రం మధ్యలో మంటలు లేస్తే ఎటు పోతాం? అమ్మ కుక్కర్ అక్కడితో ఇంట్లోనే ఆగిపోయింది.

గది చిన్నది. ఖాళీ పెట్టె మంచం కిందికి వెళ్తుంది. చాలా షిప్పుల్లో గది గోడలు ఉక్కువి కాబట్టి అయస్కాంతం కొక్కేలు నాలుగు తీసుకెళ్తే తడి బట్టలు, టోపీలు, సంచులు అన్నీ వాటికే. బరువు పావుకిలో కూడా ఉండదు. టవళ్ళు వాళ్ళే ఇస్తారు.

ఫోను విషయంలో జాగ్రత్త. షిప్పు కదిలాక ఫోను సముద్రపు నెట్‌వర్క్ పట్టుకుంటే బిల్లు చూసి గుండె ఆగుతుంది. ఎక్కగానే ఏరోప్లేన్ మోడ్. రేవులో దిగాక మాట్లాడుకోవచ్చు.

బయల్దేరే ముందు అందరికీ మస్టర్ డ్రిల్ ఉంటుంది. ప్రమాదం జరిగితే ఎక్కడ నిలబడాలి, లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలి అని చూపిస్తారు. 1912లో టైటానిక్ మునిగాక 1914లో పలు దేశాలు కలిసి చేసుకున్న సముద్ర భద్రత ఒప్పందం నుంచి మొదలైన కట్టుబాట్లివి. చాలామంది ఫోన్లు చూసుకుంటూ నిలబడ్డారు. నాన్న మాత్రం చెప్పిన ప్రతి మాటా విన్నారు. పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబర్ 15న బోటు మునిగిన సంగతి మా వైపు ఎవరూ మర్చిపోలేదు.

చివరి రాత్రి పెద్ద పెట్టెలు తలుపు బయట పెడితే పొద్దున రేవులో తీసుకోవచ్చు. మనమే మోసుకోగలిగితే ముందే దిగి వెళ్ళిపోవచ్చు. మేం అలాగే దిగిపోయాం. తక్కువ సామాను విలువ నాకు నిజంగా తెలిసింది ఆ పొద్దునే.

ఇంకొకటి. షిప్పు తిరిగి అదే దేశానికి వస్తే మనం ఆ దేశంలోకి రెండోసారి అడుగుపెట్టినట్టే. వీసా మల్టిపుల్ ఎంట్రీయా కాదా చూసుకోవాలి. యూరప్‌లో షెంగెన్ దేశం నుంచి బయల్దేరి టర్కీలో ఆగి వచ్చే షిప్పులకీ ఇదే లెక్క. పాస్‌పోర్టుకి కనీసం ఆర్నెల్ల గడువు మిగిలి ఉండాలి.

అసలు బరువు

ఇంతవరకు బాగానే ఉంది. బయల్దేరే ముందు రోజు అమ్మ తన క్యాబిన్ బ్యాగు విప్పి ఒక ప్లాస్టిక్ కవరు అడుగున పెట్టింది. ఏంటా అని చూస్తే పట్టాదారు పాస్‌బుక్కులు, కుల ధ్రువీకరణ పత్రాలు, ఇంటిపన్ను రసీదులు, నాన్న సర్వీసు కాగితాలు. మొత్తం కిలోన్నర.

“ఇవన్నీ ఫుకెట్‌లో ఎవరికి చూపిస్తావమ్మా?” అన్నాను.

“ఎవరికీ చూపించను. మరి నీళ్ళొస్తే ఇక్కడ ఎవరి చేతుల పెట్టి పోతామే?” అంది.

అమ్మ భయం ఊరికే కాదు. మా కాగితాలు చూస్తే మా ఊరి చరిత్ర తెలుస్తుంది. పాతవాటి మీద ఖమ్మం జిల్లా. 2014లో మా మండలం ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాక తూర్పు గోదావరి. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. ఇల్లు కదల్లేదు, జిల్లా మాత్రం అప్పటికే రెండుసార్లు మారింది. ఒక పాత కాగితం పోతే ఏ జిల్లా ఆఫీసు చుట్టూ తిరగాలి? పోలవరం ముంపు, పునరావాసం, 41.15 కాంటూరు అనే మాటలు రోజూ వినే చోట ఇంటిపన్ను రసీదు కూడా ఆస్తే. ఈ ఇంట్లో ఇన్నేళ్ళ నుంచీ ఉన్నామని చెప్పేది అదే.

నా కుప్పల లెక్క ప్రకారం అవి మొదటి కుప్పలోవి. పోతే దొరకవు. కానీ ట్రిప్పులో వాటితో ఒక్క పని కూడా లేదు. పైగా బ్యాగు పోతే అవీ పోతాయి. పోతే దొరకనిది మన వెంటే ఉండక్కర్లేదు, భద్రమైన చోట ఉంటే చాలు. ఆ రాత్రి కూర్చుని రెండో సంచి సర్దాం.

ప్రతి పేజీ ఫోన్‌తో స్కాన్ చేశాం. ఒక కాపీ క్లౌడ్‌లో, ఒకటి హైదరాబాద్‌లో నా గదిలో ఉన్న పెన్ డ్రైవ్‌లో. ఆధార్, పాన్, లైసెన్సు లాంటివి డిజీలాకర్‌లోకి తెచ్చుకుంటే అవి చట్ట ప్రకారం ఒరిజినల్‌తో సమానం. చేత్తో రాసిన పాత పాస్‌బుక్కులకి ఆ వీలు లేదు, వాటికి ఒరిజినలే దిక్కు. అందుకని వాటిని జిప్ కవర్లలో పెట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో వేసి, గుట్ట వైపు ఎత్తులో ఉన్న చిన్నమ్మ ఇంటికి చేర్చాం. డబ్బా మీద పేరు, ఫోన్ నంబరు. లోపల ఏమేం ఉన్నాయో ఒక చీటీ. ఆ చీటీ ఫొటో అమ్మ ఫోన్లో.

మేం షిప్పులో ఉండగానే గోదావరి పెరిగింది. పెనాంగ్‌లో దిగి వైఫై కలవగానే వాట్సాప్ నిండా మా ఊరి మెసేజ్‌లే. భద్రాచలం దగ్గర రెండో హెచ్చరిక దాటిందట. శబరి ఎగదన్నుతోందట. అమ్మ రేవులోనే ఒక బెంచీ మీద కూర్చుండిపోయింది. చిన్నమ్మకి ఫోన్ చేస్తే మొదటి మాటే “డబ్బా అటక మీద ఉందక్కా, నువ్వు ఊరు చూసుకో” అంది. తర్వాత ఫొటో పెట్టింది. అమ్మ ఆ ఫొటోని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసుకుని, లేచి, “పద, ఆ గుడి చూద్దాం” అంది. ఈసారి నీళ్ళు మా ఇంటి దాకా రాలేదు. వచ్చినా కాగితాలకి ఢోకా లేదు.

నెల తిరిగేసరికి, 2024 సెప్టెంబర్ మొదట్లో, బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. మా కొండల్లో వాళ్ళకి ఏటా ఉండే పని నగరంలో వాళ్ళకీ వచ్చి పడింది. అందుకే చెప్తున్నా. లంక గ్రామమైనా, అపార్ట్‌మెంట్ గ్రౌండ్ ఫ్లోర్ అయినా, ఇల్లు తాళం వేసి ఎక్కువ రోజులు వెళ్ళేటప్పుడు మీ ప్యాకింగ్ లిస్టులో రెండో సంచి కూడా రాసుకోండి. దానికి పట్టేది ఒక సాయంత్రం, ఒక డబ్బా, నమ్మకమైన ఒక మనిషి.

మా బరువులు అడిగిన వాళ్ళ కోసం: అమ్మ బ్యాగు 5.9 కిలోలు, నాన్నది 6.4, నాది ల్యాప్‌టాప్‌తో కలిపి 6.8. చెక్-ఇన్ పెట్టె 14. తిరిగొచ్చేటప్పుడు అది 19 అయింది. ఆ ఐదు కిలోలూ చిన్నమ్మకి కొన్నవే.