ఊరి ఉమ్మడి నేలలో గ్యాస్ బావి: అడగాల్సింది ఎవర్ని?

కోనసీమలో గ్యాస్ బావి మాటొస్తే రెండు తేదీలు గుర్తొస్తాయి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుట్ అయింది. అంటే లోపలి ఒత్తిడి అదుపు తప్పి గ్యాస్ పైకి తన్నుకొచ్చింది. అది అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఈ ప్రమాదాల మీద చర్చ జరిగింది. అయితే అంతకంటే ముందు వేయాల్సిన ప్రశ్న ఒకటుంది. బావి తవ్వేముందు ఎవర్ని అడుగుతున్నారు?

పట్టా భూమి అయితే అడిగేది ఆసామిని. లీజు డబ్బు ఆయనకే. ఆ తోటలో దింపు తీసేవాళ్లకీ, కాయ ఒలిచేవాళ్లకీ చేతిలో కాగితం లేదు. వీళ్లలో మనోళ్లు ఎందరో చెప్పక్కర్లేదు. 2013 భూసేకరణ చట్టం మూడేళ్లుగా ఆ భూమి మీదే బతుకుతున్న కూలీనీ, కౌలుదారునీ బాధిత కుటుంబంగా గుర్తించింది. కానీ అది ప్రభుత్వం భూమిని సేకరించినప్పటి సంగతి. ఆసామి ఇష్టపడి లీజుకిస్తే కూలీ లెక్కలోకి రాడు.

మరి ఊరి ఉమ్మడి నేల అయితే? భూమిలేని పేటకి పోరంబోకే పెరడు. పిల్లలు ఆడేదక్కడే, పెళ్లి పందిరి వేసేదక్కడే, అంబేద్కర్ జయంతి సభ పెట్టేదక్కడే. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ మేత భూములు, కళ్లాలు, శ్మశానాలు, మందబయళ్లు, బండి దారులు, తోపులు పంచాయతీకి చెందుతాయంటుంది. ఆటస్థలం పేరు ఆ జాబితాలో లేదు. ఉన్నవాటిని కూడా ప్రజాప్రయోజనం పేరుతో ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి వెనక్కి తీసుకోవచ్చు. అప్పుడు పట్టాదారుకి దక్కే పరిహారం కూడా పేటకి దక్కదు. పోయింది ప్రభుత్వ భూమే గదా అంటారు.

కాగితం లేనివాడు నోరు విప్పడానికి ఒక చోటు మిగిలింది. అదే ప్రజాభిప్రాయ సేకరణ. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం దాన్ని కాలుష్య నియంత్రణ మండలి జరపాలి, కలెక్టరో ఆయన ప్రతినిధో అధ్యక్షత వహించాలి. అక్కడ పట్టా చూపించనక్కర్లేదు. ప్రభావం పడే స్థానికుడైతే చాలు, మాట్లాడొచ్చు. చెప్పింది రికార్డులోకి ఎక్కాలి. ఊరి పెద్దల అరుగు మీద కూర్చోనివ్వని మనిషికి ఇది చిన్న హక్కేం కాదు.

2020 జనవరి 16న కేంద్రం ఆ నోటిఫికేషన్‌ని సవరించింది. చమురు, గ్యాస్ అన్వేషణని బీ2 వర్గంలో వేసింది. ఈ వర్గానికి పర్యావరణ ప్రభావ నివేదికా అక్కర్లేదు, ప్రజాభిప్రాయ సేకరణా అక్కర్లేదు. ఉత్పత్తి దశకి మాత్రం పాత నిబంధనే ఉంచింది. అన్వేషణ తాత్కాలికమే గదా అని కొందరి వాదన. కానీ రిగ్గు ఎక్కడ దిగాలి, లారీల రోడ్డు ఎటు వేయాలి, తవ్విన బురద ఏ గుంటలో పోయాలి అన్నవి తేలేది ఈ దశలోనే. లోపలి ఒత్తిడి ఎంతో పూర్తిగా తెలియనిదీ ఈ దశలోనే. గ్యాస్ పడ్డాక జనాన్ని పిలిస్తే, అప్పటికే ఉన్న బావి గురించి అభిప్రాయం అడిగినట్టే.

దేశానికి గ్యాస్ వద్దని ఎవరూ అనడం లేదు. ప్రమాదం ముంగిట్లో పెట్టేటప్పుడు ఆ ముంగిలి మనుషుల్ని అడగమంటున్నాం. కనక కార్యకర్తలు చేయాల్సిన పనులున్నాయి. పేట వాడుకునే ప్రతి పోరంబోకు సర్వే నంబరు రాసిపెట్టుకోవాలి. అది రికార్డులో ఏ పేరుతో ఉందో సమాచార హక్కు చట్టం కింద అడగాలి. గ్రామసభలో తీర్మానం పెట్టించాలి. ఉత్పత్తి దశ విచారణకి పేట అంతా కదలాలి, ఆడవాళ్లు ముందుండాలి.

2022లో కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెడితే అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. చివరికి పేరు నిలబడింది. ఆ పేరున్న జిల్లాలో ఊరి నేల మీద మన మాటకి విలువెంత అన్నది ఇంకా తేలాలి.