మెరక మట్టి ఎక్కడికి పోతోంది?

మన వైపు ఇల్లు కట్టాలంటే ముందు స్థలం మెరక చేయాలి. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో పల్లపు స్థలాలు చాలా ఉన్నాయి. ట్రాక్టర్లతో మట్టి తోలిస్తాం. వీధిలోనే గుట్టగా పోయిస్తాం.

రాత్రి పెద్ద వాన పడుతుంది. తెల్లారి చూస్తే గుట్ట సగమే ఉంటుంది. డబ్బు పెట్టి కొన్న మట్టి ఏమయింది?

కొంత వీధి కాలువలో చేరింది. కాలువ పూడింది. మురుగు నీరు పోయే దారి లేక ఇళ్ళల్లోకి వస్తుంది. దోమలు పెరుగుతాయి. జ్వరాలు వస్తాయి. మంచం పక్కన కూర్చునేది ఎవరు? మనమే కదా!

మిగతా మట్టి నీళ్ళతో పాటు పోతుంది. ఒక గ్లాసులో బురద నీళ్ళు పోయండి. కదపకుండా ఉంచండి. మట్టి అడుగుకు చేరుతుంది. పైన నీరు తేరుకుంటుంది.

కొల్లేటిలో జరిగేదీ ఇదే. తమ్మిలేరు, బుడమేరు మెట్ట నుంచి వడిగా వస్తాయి. కొల్లేటిలో నెమ్మదిస్తాయి. తెచ్చిన మన్ను అక్కడ వదిలేస్తాయి. సరస్సు లోతు తగ్గుతుంది. లోతు తగ్గితే నీరు పట్టదు. వరద లంక ఊళ్ళ మీదికి, చేల మీదికి వస్తుంది. కొల్లేటి నీరు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు. అది పూడితే వరద త్వరగా దిగదు.

1999లో ప్రభుత్వం కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించింది. నీటికి అడ్డమని 2006లో చాలా చేపల చెరువుల గట్లు కొట్టించింది. గట్టు కంటికి కనిపిస్తుంది. అడుగున చేరే మన్ను కనిపించదు.

మరి కట్టేవాళ్ళు ఏం చేయాలి?

మట్టిని, ఇసుకను కాలువకు దూరంగా పోయించాలి. వాన వచ్చేలా ఉంటే బరకం కప్పాలి. గుట్ట చుట్టూ ఇసుక నింపిన గోనె సంచులు పేర్చాలి. నీరు కాలువలో పడే ముందు చిన్న గుంట తవ్వాలి. గ్లాసులో లాగే మట్టి ఆ గుంటలో ఆగుతుంది. ఆ మట్టిని ఎత్తి మళ్ళీ వాడుకోవచ్చు. రోడ్డు గట్లు, కాలువ గట్లు వేస్తే వెంటనే గడ్డి నాటాలి. గడ్డి వేరు మట్టిని పట్టి ఉంచుతుంది.

కట్టుబడి చెత్త కాలువలకు అడ్డం పడకూడదని 2016లో కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టింది. కాబట్టి అడగడం తప్పు కాదు. అది మన హక్కు.

అక్కలారా, చెల్లెళ్ళారా! కట్టుబడి పనుల్లో మట్టి తట్టలు మోసేది మనలో చాలామందే. తట్ట ఎక్కడ దించాలో మేస్త్రీతో మనమే మాట్లాడదాం.

ఆలోచించండి: మీ వీధి కాలువ ఎందుకు పూడింది? ఆ మట్టి ఎక్కడిది?